ఆరో కాడ

ఇంగ్లండ్‌లో మా స్టోక్ ఆర్డెల్ పల్లెలో ఒక సంగతి జరిగిందని అందరూ ఒప్పుకోవాలంటే అది ముందు పత్రికలో పడాలి. పత్రికంటే పెద్దదేం కాదు. నెలకోసారి నేను వంటింటి బల్ల దగ్గర కూర్చుని టైపు చేసి, ఎనభై ఆరు ఇళ్ళ తలుపు సందుల్లోంచి లోపలికి తోసే నాలుగు పేజీలు. బస్సు వేళలు మారడం, చర్చి గంట తాడు తెగడం, తప్పిపోయిన పిల్లి, దొరికిన ఒంటి చేతితొడుగు, ఇవే మా వార్తలు. జూన్ సంచికకి మాత్రం ఇంకో రెండు పేజీలు కలుస్తాయి. జులైలో జరిగే పూల, కూరగాయల పోటీల జాబితా అది. ఏ పోటీకి ఏం తేవాలి, ఎన్ని తేవాలి, ఉల్లిపాయల తోకలు దేంతో కట్టాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. తొంభై నాలుగు పోటీలు. ఆ జాబితా కూడా నేనే టైపు చేస్తాను. తొమ్మిదేళ్ళలో ఒక్క తప్పు పడలేదని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

సిరిల్ హాబ్‌డే గురించి చెప్పాలి. మా పక్కింటాయన. డెబ్భై ఎనిమిదేళ్ళు. రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరయ్యాడు. ఆరేళ్ళ కిందట నేను పత్రికలో రెండు వాక్యాలు రాశాను: "మిల్లు సందులో ఒక పచ్చకంచె కాలిబాట మీదికి పెరిగింది. సొంతదారు దయచేసి గమనించగలరు." పేరు రాయలేదు. కానీ మిల్లు సందులో ఉన్న పచ్చకంచె ఒక్కటే, సిరిల్‌ది. ఆ మాట గోడ మీంచి చెబితే అరనిమిషంలో అయిపోయేది. ఏం చేస్తాం, మా ఊళ్ళో మొహం మీద చెప్పడం మోటుతనం, అచ్చులో చెప్పడం మర్యాద. మర్నాడే సిరిల్ కంచెని మోకాలెత్తుకి నరికేశాడు. ఆ రోజునుంచి నాతో మాట మానేశాడు. నా పత్రిక ఆయన గుమ్మంలో పడగానే విప్పైనా చూడకుండా పాత కాగితాల డబ్బాలో వేయడం నా వంటింటి కిటికీలోంచి నెలనెలా చూస్తూనే ఉన్నాను. అయితే మంగళవారం పొద్దున నా చెత్త డబ్బా రోడ్డు మీద పెట్టేది మాత్రం ఆయనే. కోపం కోపమే, డబ్బా డబ్బానే.

నేను పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో రేడియో తప్ప మాట్లాడే దిక్కు లేదు. సిరిల్‌తో గోడ దగ్గర పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు చెప్పుకున్న సొల్లే ఒకప్పుడు నాకు రోజంతటికీ సరిపోయేది. అది పోయాక ఆరేళ్ళు ఎలా గడిపానో నాకే తెలుసు. అలాంటిది ఈ జులైలో, ప్రదర్శనకి పదమూడు రోజుల ముందు, బట్టలు ఆరేస్తుంటే గోడ అవతలనుంచి, "వాన వచ్చేట్టుంది" అని వినబడింది.

చేతిలో క్లిప్పులన్నీ గడ్డిలో పడ్డాయి.

"అవును, పడమట మబ్బేసింది," అన్నాను. గొంతు మామూలుగా పెట్టడానికి ఎంత అవస్థ పడ్డానో. మర్నాడు నత్తల గురించి మాట్లాడాడు. ఆ మర్నాడు గిన్నెడు గూస్‌బెర్రీ కాయలు గోడ మీద పెట్టి, "పులుపు. చక్కెర ఎక్కువెయ్యి," అన్నాడు. కంచె ఊసు ఎవరమూ ఎత్తలేదు. ఆ పదమూడు రోజులూ నేను మళ్ళీ మనిషినయ్యాను. ఇందులో సిగ్గుపడడానికేమీ లేదు.

ప్రదర్శన రోజు పొద్దున పదింటికి పెద్ద గుడారం మూసేస్తారు. పోటీదారులంతా బయటికి పోవాలి. లోపల జడ్జి, ఆయన వెనకాల కాగితాలు పట్టుకు తిరిగే సహాయకురాలు, ఇద్దరే ఉంటారు. ఆ సహాయకురాలిని నేను. జడ్జి ఇంకా రాలేదని ఒకసారి బల్లల వెంట నడుచుకుంటూ వెళ్ళాను. నలభై ఒకటో పోటీ, స్వీట్ పీ పూలు. ఐదు జాడీలున్నాయి. నాలుగింట్లో ఐదేసి కాడలు, ఒకదాంట్లో ఆరు. పేర్లు ఉండవు, నంబర్లే. కానీ అంత పొడుగు కాడలు, కాడకి ఐదు పూలు, అన్నీ ఒకే వైపు తిరిగిన ఆ ఊదారంగు గుత్తి సిరిల్‌దని చంటిపిల్లైనా చెబుతుంది.

పాపం, నలుగురూ లెక్క తప్పారే అనుకున్నాను. ఎందుకంటే స్వీట్ పీ పోటీకి ఎప్పుడూ ఆరు కాడలే. చేతిలో జాబితా ఉంది కదా అని చూశాను. నలభైలో గులాబీలు, ఐదు. నలభై ఒకటిలో స్వీట్ పీ, ఐదు. పై వరసలో ఐదు కొట్టిన వేలే కింది వరసలోనూ ఐదు కొట్టింది. జూన్ మొదటి వారంనుంచి ఆ తప్పు ఎనభై ఆరు ఇళ్ళలో ఉంది. ఒక్కరూ నన్నడగలేదు. ఐదంటే ఐదే తెచ్చారు. పత్రిక విప్పి చూడని ఒకే ఒక్క మనిషి మాత్రం ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ఆరు తెచ్చాడు.

లెక్క తప్పిన జాడీకి జడ్జి మార్కులు వేయడు. "నియమం ప్రకారం లేదు" అని ఒక తెల్ల చీటీ పెట్టి ముందుకెళ్ళిపోతాడు. ఆ చీటీ సిరిల్ జాడీ ముందు ఉన్నట్టు, ఆయన టోపీ చేత్తో పట్టుకుని దాన్ని చదువుతున్నట్టు నాకు కళ్ళకి కట్టింది. మొదట కంచె, ఇప్పుడు పూలు. రెండూ నా పత్రికలోనే. కావాలనే చేశానని అనుకోడానికి ఇంకేం కావాలి? ఈసారి మాట మానేస్తే ఆరేళ్ళతో పోదు.

గుడారం గుమ్మంలో ప్రదర్శన కమిటీ కార్యదర్శి డాఫ్నీ ప్రాథరో నిలబడి ఉంది. ఎవరినీ లోపలికి పోనివ్వకుండా కాపలా.

"డాఫ్నీ, ఊరికే అడుగుతున్నా. జాబితాలో ఎక్కడో అచ్చుతప్పు పడిందనుకో..."

"ఎక్కడ పడింది?"

"పడిందని కాదు. పడితే?"

"అచ్చులో ఏముంటే అదే రూలు. రూలు పక్కనపెట్టినందుకు వచ్చిన గుమ్మడికాయల గొడవ మర్చిపోయావా? ఆ రెండిళ్ళ వాళ్ళూ చర్చిలో ఈనాటికీ చెరో వైపే కూర్చుంటారు."

"మర్చిపోలేదులే."

"నీ మొహమేంటి అలా పాలిపోయింది? టీ తాగావా లేదా?"

టీ తాగొస్తానని చెప్పి మైదానానికి అడ్డంపడి నడిచాను. నడిచాననడం మర్యాదకి, పరిగెత్తాను. సిరిల్ కొబ్బరికాయల ఆట దగ్గర ఉన్నాడు. కర్రల మీద కొబ్బరికాయలు నిలబెడితే పిల్లలు బంతి విసిరి పడగొడతారు. ఏటా ఆ ఆట నడిపేది ఆయనే. కాయ కదలకుండా కింద తడి రంపపు పొట్టు కూరుతున్నాడు.

"ఏంటి గ్వెండా, లోపలుండాల్సిన దానివి బయట తిరుగుతున్నావు?"

"గాలి కోసం వచ్చా."

"నావి చూశావా?"

"చూశాను."

"ఎలా ఉన్నాయి?"

"బాగున్నాయి."

"బాగున్నాయా, అంతేనా? చీడ పట్టకుండా ఒక్కో మొగ్గా వేళ్ళతో తుడిచానమ్మా. వేసవంతా ఇంకో పనే లేదు నాకు." అంటూ నవ్వాడు. ఆరేళ్ళుగా ఆయన ముందుపళ్ళ మధ్య సందు నేను చూడలేదు.

"సిరిల్, మీకో మాట చెప్పాలి."

"చెప్పు."

అప్పుడే గుడారం దగ్గరనుంచి డాఫ్నీ కేక వేసింది. "గ్వెండా! జడ్జిగారొచ్చారు!"

"పో, పో. తర్వాత చెబుదువులే," అన్నాడు సిరిల్.

ఇంకో వాక్యం చెప్పడానికి టైముంది. ఉన్నా చెప్పలేదు. ఆ నవ్వుని చెరపబుద్ధి కాలేదు. డాఫ్నీ మీద నెపం పెట్టి వెనక్కి పరిగెత్తాను.

మా ఊళ్ళో మొగుణ్ణి వదిలేసి పక్కింటాయనతో వెళ్ళిపోయిన ఆవిడని రెండేళ్ళకి క్షమించారు. చర్చి పైకప్పు మీది సీసం రేకులు ఊడదీసి అమ్ముకున్నవాణ్ణీ క్షమించారు. పోటీలో ఇంకొకరి జాడీ మీద చెయ్యి వేసినవాళ్ళని క్షమించిన దాఖలా లేదు. ఇది నాకు తెలియక కాదు. జడ్జి ముప్పై ఎనిమిదో పోటీ దగ్గర వంగి, ఉల్లిపాయ మెడని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. నేను మూడడుగులు పక్కకి వేశాను. ఆరింట్లో కాస్త పొట్టిగా ఉన్న కాడని లాగి, మడిచి, ఏప్రాన్ జేబులో కుక్కాను. నీళ్ళు కారి తొడ మీదికి చల్లగా దిగాయి.

జడ్జి వచ్చి ఆ జాడీ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఎడమ పక్కన కాస్త ఖాళీగా ఉంది. ఇంత బాగా పెంచినాయన సర్దడం రాక పాడుచేసుకున్నాడు. అయినా వీటికి సాటి లేదు," అని మొదటి బహుమతి ఎర్ర చీటీ పెట్టమన్నాడు. పెట్టాను.

రెండింటికి గుడారం తెరిచారు. మొదట వచ్చిన నలుగురైదుగురిలో సిరిల్ ఉన్నాడు. ఎర్ర చీటీ చూశాడు. ఎవరో వీపు తట్టారు. నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే పెదవులు కదిలాయి. లెక్కపెడుతున్నాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. వేలితో ఆ ఎడమ పక్క ఖాళీని ముట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత రెండున్నర గంటలు నేను మైదానంలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. పత్రికకి వార్తలు రాసుకోవాల్సిన రోజు కదా, చేతిలో నోటుపుస్తకం ఉంది. తోక బాగా ఊపే కుక్కల పోటీ అయింది, గెలిచింది ఏ కుక్కో రాసుకోలేదు. చెంచాలో గుడ్డు పెట్టుకుని పరుగెత్తే పందెంలో పాస్టరుగారు పడ్డారు, నవ్వు రాలేదు. పక్క ఊరితో తాడు లాగుడులో ఎవరు ఎటు లాగారో కూడా చూడలేదు. ఎటు తిరిగినా నా కళ్ళు సిరిల్‌నే వెతికాయి. ఆయన కొబ్బరికాయలు వదిలేసి మైదానం చుట్టూ తిరుగుతున్నాడు. స్వీట్ పీ పెట్టిన నలుగురి దగ్గరా ఆగి, మొహాల్లోకి చూసి ముందుకెళుతున్నాడు. పిల్లలు బంతులు పట్టుకుని ఆయన కోసం నిలబడి ఉన్నారు.

జేబులో కాడని పారేద్దామని మూడుసార్లు ప్రయత్నించాను. చెత్త డబ్బా దగ్గర ఎవరో ఐస్‌క్రీం తింటున్నారు. కంచె వెనక ఇద్దరు పిల్లలు దాక్కుని ఉన్నారు. వాగు దగ్గర ప్లాస్టిక్ బాతుల పందెం, ఊరు సగం అక్కడే ఉంది. పైగా ఆ పువ్వు ఊరుకుంటుందా, జేబులో నలిగినకొద్దీ ఘుమఘుమలాడుతోంది.

"ఏం సెంటు పూసుకున్నావు గ్వెండా, అదిరిపోయింది!" అంది జనీన్, టీ బల్ల వెనకనుంచి. బర్మింగ్‌హామ్‌నుంచి వచ్చి రెండేళ్ళయింది ఆవిడ. మంచిది. నాకు స్కోన్ రొట్టె మీద మీగడ ఎక్కువ వేసింది. "నాకు రెండోది వచ్చింది చూశావా? స్వీట్ పీలో! మొట్టమొదటిసారి పెట్టాను తెలుసా."

చూశానన్నాను. స్కోన్ అలాగే పళ్ళెంలో వదిలేశాను.

నాలుగున్నరకి అందరూ ట్రాక్టరు ట్రాలీ చుట్టూ చేరారు. డాఫ్నీ మైకు పట్టుకుని దానిపైన నిలబడింది. ఒక్కొక్కరినీ పిలిచి బహుమతులు ఇస్తోంది. "స్వీట్ పీ కప్పు, ఇరవై రెండోసారి, చెప్పక్కర్లేదుగా, సిరిల్ హాబ్‌డే!" చప్పట్లు మోగాయి. సిరిల్ ట్రాలీ ఎక్కాడు. చేతులు చాచలేదు.

"అది నా జాడీ కాదు డాఫ్నీ."

"నీ నంబరేగా సిరిల్, ముప్పై ఏడు."

"నంబరు నాదే. నేను పెట్టింది ఆరు. ఇప్పుడున్నవి ఐదు. ఎవరో చెయ్యి పెట్టారు."

చప్పట్లు ఆగిపోయాయి. మా ఊరివాళ్ళు వేలెత్తి చూపించరు, అది మోటుతనం. తలలు మాత్రం తిప్పుతారు. ఒక తల తిరిగింది, తర్వాత రెండు, తర్వాత అన్నీ. జనీన్ వైపే. కొత్తగా వచ్చిన మనిషి, రెండో బహుమతి మనిషి.

"పొద్దున చివరిదాకా లోపలున్నది ఆవిడేగా," అన్నారు నా వెనకాల ఎవరో, గొంతు తగ్గించి, అందరికీ వినబడేలా.

"నావే సర్దుకుంటున్నాను," అంది జనీన్. మెడ దాకా ఎర్రబడింది. "దేవుడి మీద ఒట్టు, నావే. నాకు సర్దడం రాదు, అందుకే ఆలస్యమైంది." కళ్ళనిండా నీళ్ళు వచ్చేశాయి.

నేను ట్రాలీ ఎక్కాను. ఎలా ఎక్కానో గుర్తులేదు. జేబులోంచి ఆ వాడిన కాడ తీసి పైకి పట్టుకున్నాను.

"నేను తీశాను," అన్నాను.

మైకు డాఫ్నీ చేతిలోనే ఉంది, మా మధ్య. నా మాట మైదానం చివర పార్కు చేసిన కార్ల దాకా వెళ్ళింది.

"నువ్వా?" అంది డాఫ్నీ. "ఎందుకే?"

"జాబితాలో ఐదని ఉంది. ఆయన ఆరు పెట్టారు."

"ఐదేంటి?" అన్నాడు సిరిల్. "ఎప్పుడూ ఆరేగా."

"మార్చారుగా మరి?" అంది డాఫ్నీ.

"ఎవరు మార్చారు?"

"కమిటీ."

"నువ్వేగా కమిటీ!"

"నేను మే నెలలో మా చెల్లెలి దగ్గరికి వెళ్ళానుగా. అప్పుడు మీరంతా కూర్చుని మార్చారనుకున్నా. అడిగితే బాగుండదని..."

కింద ఉన్న కోశాధికారి, తాను డాఫ్నీ మార్చిందనుకున్నానన్నాడు. మిగతా ముగ్గురు పోటీదారులూ తమకీ వింతగానే ఉందనీ, కానీ అచ్చులో పడ్డాక అడగడం ఏం బాగుంటుందనీ అన్నారు. జూన్‌నుంచి ఊరంతా చూసింది. ఊరంతా మర్యాదగా ఊరుకుంది.

"మార్చలేదు. నా టైపు తప్పు," అన్నాను. "జనీన్‌కి దీంతో ఏ సంబంధం లేదు. ఆవిడ రూలు ప్రకారం ఐదే పెట్టింది."

"మరి నాకెవరూ చెప్పలేదే?" అన్నాడు సిరిల్.

"నీకు స్వీట్ పీ గురించి చెప్పేదెవరయ్యా?" అన్నాడు కోశాధికారి. "అయినా పత్రికలో ఉందిగా."

"నేను పత్రిక చదవను."

ఊళ్ళో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అయినా అందరూ ఇప్పుడే విన్నట్టు మొహాలు పెట్టారు.

డాఫ్నీ ఏడవలేక నవ్వింది. మనసు కష్టంగానే ఉన్నా రూలు రూలే కదా అని, చెయ్యి పడ్డ జాడీ పోటీలోంచి పోతుందని చెప్పి కప్పు జనీన్‌కిచ్చింది. జనీన్ దాన్ని ఎవరిదో బిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుంది. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

సిరిల్ నా చేతిలోంచి ఆ కాడని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పొద్దున నా దగ్గరికొచ్చావు," అన్నాడు. "మాట చెప్పాలన్నావు. ఇదేనా?"

"ఇదే."

"మరి చెప్పలేదేం? తెల్ల చీటీ వస్తే వచ్చేది. నాలుగు తిట్లు తిట్టుకుని ఇంటికెళ్ళేవాణ్ణి. ముప్పై ఏళ్ళలో నా జాడీ మీద ఇంకొకళ్ళ చెయ్యి పడలేదు గ్వెండా."

అబద్ధం ఒకటి వెతికాను. దొరకలేదు.

"మీరు మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెట్టి పదమూడు రోజులే అయింది," అన్నాను. "మళ్ళీ మానేస్తారని భయమేసింది. ఆరేళ్ళు నాకు చాలా కష్టమైంది సిరిల్. ఇంకోసారి నావల్ల కాదు."

ఇది కూడా మైకులోనే వెళ్ళింది. మా ఊళ్ళో ఎవరూ ఎవరికీ ఇలాంటి మాట చెప్పరు. చావుబతుకుల్లో ఉన్నా చెప్పరు. రెండు వందల మంది ఒకేసారి తమ బూట్ల వైపు చూసుకున్నారు. డాఫ్నీ మైకు వీపు వెనకాల దాచుకుంది, ఇప్పుడు దాచి ఏం లాభం. భూమి చీలితే దూరిపోదామనిపించింది. కానీ మాట అన్నందుకు బాధ లేదు. అదే నాకు వింతగా ఉంది.

సిరిల్ చెవులు ఎర్రబడ్డాయి. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. గొంతు సవరించుకున్నాడు. ట్రాలీ దిగి నాలుగడుగులు వేసి ఆగాడు. ఇక వెళ్ళిపోయాడనే అనుకున్నాను.

"నీ మీద నాకు చాలా కోపంగా ఉంది," అన్నాడు వెనక్కి తిరిగి. "మామూలు కోపం కాదు. ఈసారి నోరు మూసుకుని కూర్చోను. ఆ కంచె సంగతినుంచీ మొదలుపెట్టి అన్నీ నీకు చెప్పాలి. ఒక్క పూటలో అయ్యేది కాదు. రేపు పొద్దున రా."

"ఎన్నింటికి?" అన్నాను.